విద్యుత్ స్తంభ మెక్కు కార్మికుని రక్షణము - రైతుల కర్తవ్యము

పూర్వము మన రైతులు వాననుబట్టియు, కాలువనుబట్టియు వ్యవసాయము చేసిరి. నేడు వానితోపాటు విద్యుచ్ఛక్తియు నొక యాధారమైనది. నెల్లూరు తీరమున అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, కోట మండలములలో కయ్యలకు నీరు తోడు మోటారులును, రొయ్యల గుంటలలో నీటిని చిలుకు చక్రములును ఈ శక్తిచేతనే తిరుగుచున్నవి. గాలివానకు తీగలు తెగి ఒక రాత్రి కరెంటు రాకున్నచో నారుమడి యెండునేమోయని యొకరు, గుంటలోని రొయ్య తేలిపోవునేమోయని మఱియొకరు ఆందోళన పడుదురు. అప్పుడు అందఱును ఎదురుచూచునది లైన్‌మన్‌కొరకే. అతడు వచ్చి, తడిసిన స్తంభ మెక్కి, తీగ ముడివేసి దిగిపోవును.

అతడు ఏ సాధనములను నమ్మి పైకెక్కుచున్నాడో, ఏ క్రమమున పని చేయవలయునో, క్రిందనున్న మనము తెలియక చేయు ఏ పనివలన అతని ప్రాణమునకు హాని కలుగునో విచారించువారు అరుదు. ఆ సంగతులను సభ్యులకు విశదపఱచుటయే యీ వ్యాసము నుద్దేశము. ఇది లైన్‌మన్ మేలుకొఱకు మాత్రమే వ్రాసినది కాదు. మన గుంటమీద పనిచేయు కూలివానికిని, మోటారువద్దకు పోవు మన బిడ్డలకును ఇందలి సూత్రములు వర్తించును.

శరీరముపై విద్యుత్తు చేయు పని

ముందుగా ఒక చిన్న లెక్క. విద్యుత్ప్రవాహమును ఆంపియరులలో కొలుతురు. ఆంపియరులో వెయ్యవవంతు మిల్లీ ఆంపియరు. ఒక మిల్లీ ఆంపియరు ప్రవహించిన జిమ్మనునట్లు తెలియును. సుమారు పది దాటినచో కండరములు బిగుసుకొని, పట్టుకొన్న తీగను విడువశక్యము కాకపోవచ్చును. ముప్పదికి మించి కొంతసేపు ప్రవహించిన ప్రాణాపాయము. ఏబదినుండి నూఱు వఱకు పోయినచో గుండె లయ తప్పి రక్తమును త్రోయలేక వణకసాగును.

మన యిండ్లలోని విద్యుత్పీడనము 230 వోల్టులు. పొడి చర్మము విద్యుత్తును చాలవఱకు అడ్డగించును. చెమటచేతను, నీటిచేతను తడిసిన శరీరముయొక్క నిరోధము సుమారు వెయ్యి ఓములకు దిగిపోవును. 230ని వెయ్యిచేత భాగించిన 230 మిల్లీ ఆంపియరులు వచ్చును. అనగా బురదలో నిలిచి తడిచేతితో తీగ ముట్టిన రైతు శరీరమున ప్రాణము తీయుటకు చాలినదానికంటె కొన్ని మడుగులు హెచ్చుగా విద్యుత్తు ప్రవహింపగలదు.

ఫ్యూజు కాపాడునని కొందఱు తలంతురు. అది భ్రమ. అయిదు అశ్వశక్తుల మోటారు సుమారు ఏడు ఆంపియరులు, అనగా ఏడువేల మిల్లీ ఆంపియరులు తీసికొనును. దానిని భరించు ఫ్యూజు 230 మిల్లీ ఆంపియరులకు కరుగదు. ఫ్యూజు తీగెను, మోటారును కాపాడుటకు పెట్టినది; మనుష్యుని కాపాడుటకు కాదు. అందును ఫ్యూజుతీగకు బదులు లావుపాటి అల్యూమినియము తీగ చుట్టినచోట ఆ మాత్రపు కాపుదలయు నుండదు.

పని క్రమము

లైన్‌మన్ రక్షణ సాధనములనగానే చేతి తొడుగులు, శిరస్త్రాణము జ్ఞప్తికి వచ్చును. ఇవి ముఖ్యములే, కాని ఇవి కడపటి కోటగోడ. మొదటి కోటగోడ పని క్రమము. జర్మనీ దేశమున విద్యుత్కార్మికులకు అయిదు సూత్రములు నేర్పుదురు. విద్యుత్తును విడదీయుట, మరల ఎవరును కలుపకుండ బందోబస్తు చేయుట, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించుట, తీగలను ఒకదానితో నొకటి కలిపి భూమికి సంధించుట, ప్రక్కనున్న జీవతీగలను కప్పుట. అమెరికాలో 1989లో చేసిన నిబంధనచే, యంత్రమును బాగుచేయుటకు ముందు దాని శక్తిని ఆపి, తాళము వేసి, పేరుచీటి కట్టుట యజమానులకు విధియైనది.

మన ప్రాంతమునను ఇట్టి క్రమమే కలదు. లైన్‌మన్ మొదట సబ్‌స్టేషనునుండి అనుమతి పొందవలెను. దీనినే లైన్ క్లియర్ లేక ఎల్.సి. అందురు. ఏ ఫీడరుపై పనియో దానిని ఆపి, ఆపినట్లు వ్రాతమూలముగా నమోదు చేయుదురు. ఎవరు ఎల్.సి. తీసికొనిరో వారే పని ముగించి, మనుష్యు లందఱును దిగిరని చూచుకొని, తిరిగి అప్పగింపవలెను. వారు అప్పగింపనిది సబ్‌స్టేషనులోనివారు కరెంటు ఇయ్యరాదు. పిమ్మట పనిచోటికి దగ్గఱనున్న ఏ.బి. స్విచ్చిని తెఱచి తాళము వేయుదురు. తరువాత పరీక్షా దండముతో తీగలో విద్యుత్తు లేదని తెలిసికొందురు. కడపట పనిచోటికి రెండుప్రక్కలను ఎర్తురాడ్లు తగిలింతురు. ఎర్తురాడు తగిలించునపుడు ముందు భూమివైపు కొనను బిగించి, పిదప తీగవైపు కొనను తగిలింపవలెను. తీయునపుడు ముందు తీగవైపు, పిదప భూమివైపు. ఈ క్రమము తలక్రిందైనచో రాడు పట్టినవాని శరీరమే భూమికి దారి యగును.

సబ్‌స్టేషనులో ఆపిన తరువాత మరల ఎర్తురాడ్లు ఎందులకని సందేహము కలుగవచ్చును. ఒకరు పొరపాటున స్విచ్చి వేయవచ్చును. వేఱొక తీగ తెగి దీనిపై పడవచ్చును. మఱియొక కారణము మన గ్రామములలోనే కలదు. దానిని ముందు వివరింతుము.

లైన్‌మన్ ధరించు సాధనములు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి భద్రతా నిబంధనలు మొదట 2010లోను, వానికి బదులుగా క్రొత్తవి 2023లోను వెలువడినవి. తీగలపై పనిచేయువానికి చేతి తొడుగులు, రబ్బరు పాదరక్షలు, నడుము పట్టీ, నిచ్చెన, ఎర్తింగు సాధనములు, శిరస్త్రాణము, లైన్ టెస్టరు మున్నగువానిని సమకూర్పవలెనని ఈ నిబంధనల ఆశయము. ఇవి దయచేసి యిచ్చునవి కావు, పనివాని హక్కులు.

రబ్బరు తొడుగులన్నియు ఒక్కటి కావు. వానిని తరగతులుగా విభజించిరి. సున్న తరగతివి వెయ్యి వోల్టులవఱకును, రెండవ తరగతివి పదునేడువేల వోల్టులవఱకును పనికివచ్చును. ఇంటి తీగకు తగిన తొడుగును 11,000 వోల్టుల తీగవద్ద ధరించుట వట్టిచేతితో పనిచేయుటకంటె ప్రమాదకరము. ఏలయన అది లేని ధైర్యము నిచ్చును. తొడుగును ధరించుటకు ముందు మణికట్టువైపు చుట్టచుట్టి లోని గాలిని వ్రేళ్లవైపునకు త్రోయవలెను. సూదిమొనయంత రంధ్రమున్నను గాలి బుసబుసలాడుచు వెలికివచ్చును, అట్టిదానిని పాఱవేయవలెను. రబ్బరు చినుగకుండ పైన తోలు తొడుగు వేసికొనవలెను. ఎండయు, నూనెయు రబ్బరునకు శత్రువులు. పెక్కు దేశములలో ఈ తొడుగులను ఆఱు మాసముల కొకసారి యంత్రముచే పరీక్షింతురు.

శిరస్త్రాణము పైనుండి పడు పనిముట్టునుండియు, తాను పడినపుడు దెబ్బనుండియు తలను కాపాడును. నడుము పట్టీ లేనివానికి చిన్న విద్యుద్ఘాతమును మరణహేతువు కావచ్చును. ఆ ఘాతము చంపకున్నను, ఆ యదటున చేయి వదలి ఇరువదియైదడుగులనుండి పడుటయే చంపును. అమెరికాలో విద్యుత్కార్మికుల సంఘము 1891లో సెయింట్ లూయీ నగరమున స్థాపింపబడెను. దాని మొదటి యధ్యక్షుడు హెన్రీ మిల్లరు స్వయముగా లైన్‌మన్. కార్మికుల రక్షణకై ఊరూర తిరిగి సంఘమును పెంచిన యా మనుష్యుడే 1896లో వాషింగ్టను నగరమున స్తంభముపై పనిచేయుచు విద్యుద్ఘాతము తగిలి క్రిందపడి మరణించెను. పనిలో ఆరితేఱిన వాడైనను సాధనము, క్రమము లేనిచో విద్యుత్తు మన్నింపదనుటకు ఇది చాలును.

మన జనరేటరు, అతని ప్రాణము

ఇప్పుడు మనకు సంబంధించిన ముఖ్యవిషయమునకు వత్తము. రొయ్యల గుంటలున్న చోటనెల్ల డీసిలు జనరేటర్లు కలవు. కరెంటు పోయిన క్షణమున గుంటకాపరి పరుగెత్తి జనరేటరు వేయును, వేయకతప్పదు. కాని ఆ జనరేటరును మోటారు తీగలకు ఎట్లు కలిపిరి? సరియైన ఛేంజోవరు స్విచ్చి యున్నచో దాని పిడి ఒకవైపున నున్నపుడు లైను, రెండవవైపున నున్నపుడు జనరేటరు కలియును. నడుమ నున్నపుడు రెండును విడిపోవును. రెండును ఒక్కమాఱు కలియుట అసాధ్యము. ఈ స్విచ్చికి ఖర్చేలయని కొందఱు జనరేటరు తీగలను తిన్నగా బోర్డునకు తగిలించి, మెయిన్ స్విచ్చి తీసితిమని నమ్ముకొందురు. ఒక రాత్రి మఱచినచో?

ట్రాన్స్‌ఫార్మరు ఏతమువంటిది. ఏతపు మ్రానును ఏవైపు త్రొక్కినను రెండవవైపు లేచును. ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను దించి సుమారు 433 వోల్టులుగా మనకిచ్చును. అదే ట్రాన్స్‌ఫార్మరునకు క్రిందివైపునుండి 400 వోల్టుల జనరేటరు కరెంటు ఎక్కినచో, పైవైపున పదివేల వోల్టులకు పెరిగి తీగలలో నిలుచును. ఊరి బరువంతయు మీదపడి జనరేటరు ఆగిపోవుట కలదు. కాని గాలివానకు తీగ తెగి, స్విచ్చి తెఱచి, కొద్దిపాటి ముక్క మాత్రము విడిగా నున్నపుడు అది ఆగదు. సరిగా ఆ ముక్కమీదనే లైన్‌మన్ పనిచేయుచుండును. సబ్‌స్టేషను ఆగియున్నది, ఎల్.సి. చేతిలో నున్నది, వ్రాతలన్నియు సరిగా నున్నవి. అయినను తీగలో మృత్యువు కలదు. అది వచ్చినది మన గుంటమీదినుండి.

పనిచోటికి రెండుప్రక్కల ఎర్తురాడ్లు తగిలించుట ఇందుకొఱకే. అట్లు తగిలించినచో వెనుకనుండి వచ్చు విద్యుత్తు భూమిలోనికి పోవును, జనరేటరు ఆగిపోవును, మనుష్యుడు బ్రతుకును. కాని అతని రాడ్లను నమ్ముకొని మనము తప్పుచేయుట ధర్మము కాదు. ఛేంజోవరు స్విచ్చి లేని జనరేటరును నడుపువాడు పొరుగువాని కయ్యలోనికి తెలియకుండ విషము వదలినవానితో సమానుడు. ఇన్‌వర్టర్లు కల యిండ్లవారును, సౌరఫలకములు అమర్చుకొన్నవారును తగిన పనివారిచేత ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. మంచి సౌర యంత్రము లైను ఆగిన వెంటనే తానును ఆగునట్లు నిర్మింపబడియుండును. అట్లున్నదో లేదో తెలిసికొనుట మన పని.

ఉప్పుగాలి చేయు చెఱుపు

మెట్టప్రాంతమునకు లేని చిక్కు తీరమునకు కలదు. సముద్రపుగాలిలోని ఉప్పు పింగాణి ఇన్సులేటర్లపై పేరుకొనును. మంచు కురిసిన వేకువను ఆ యుప్పు తడిసి విద్యుత్తునకు దారియగును. అప్పుడు స్తంభముపై చిటపట ధ్వనియు, నీలికాంతియు కనబడును. అట్టి స్తంభమును ముట్టరాదు, పశువును కట్టరాదు. స్తంభమునకు ఆనుగా లాగిన స్టే తీగను పశువులు రాచుకొనుట సాధారణము. అందు ఇన్సులేటరు పగిలినదేని విద్యుత్తు క్రిందివఱకు దిగవచ్చును.

ఉప్పుచే ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. ఉక్కుపేట గల అల్యూమినియము తీగ తీరమున త్వరగా చెడును గనుకనే పలుచోట్ల కేవల అల్యూమినియము తీగలను వాడుదురు. ఎర్తు గొట్టములును ఇట్లే లోలోపల తినివేయబడును. పైకి కనబడు తీగ చక్కగానుండి, నేలలోని గొట్టము లేకయే పోవచ్చును. కావున మోటారుల ఎర్తును ఏటేట పరీక్షింపజేయవలెను.

1927 నవంబరులో నెల్లూరుపై వీచిన గాలివాననాటికి మన పల్లెలలో తీగలు లేవు. 1989 నవంబరులో కావలి ప్రాంతమున తీరము దాటిన తుపానునాటికి అవి ఊరూర నల్లుకొన్నవి. 2023 డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటునపుడు మన జిల్లాయు పెనుగాలిని, వానను అనుభవించెను. ఇట్టి దినములలో లైన్‌మన్ నిద్రాహారములు మాని పనిచేయును. త్వరపెట్టుట సహజమే; కాని ఎర్తురాడ్లు తగిలించువఱకు ఆగలేమని కేకలువేయుట ఆతనిని మృత్యువువైపు త్రోయుటయే. పది నిమిషము లాలస్యమైనను క్రమము తప్పవలదని మనమే చెప్పవలెను.

గుంటలలోను, కయ్యలలోను

లైన్‌మన్ పాటించు సూత్రములే మన పనివారికిని వర్తించును. గుంటలో చక్రమునకు నాచు చుట్టుకొన్నచో దానిని తీయుటకు నీటిలో దిగువాడు ముందు గట్టుమీది స్విచ్చి తీసి, తాళము వేసి, తాళపుచెవిని తనవద్దనే యుంచుకొనవలెను. స్విచ్చిమీద కన్నుంచుమని యింకొకనికి చెప్పుట చాలదు. కన్ను మఱలవచ్చును, తాళము మఱలదు. నీటిలో పోవు కేబులునకు నడుమ అతుకు లుండరాదు. ముప్పది మిల్లీ ఆంపియరులు భూమికి కాఱగానే ఆగిపోవు ఆర్.సి.సి.బి. యను స్విచ్చిని ప్రతి గుంటకును పెట్టవలెను. మొదట చెప్పిన లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు: ఫ్యూజు చేయలేని పనిని చేయునది ఇదియే.

ట్రాన్స్‌ఫార్మరువద్ద ఫ్యూజు పోయినపుడు రైతులే ఎక్కి వేయుట, లేదా అనుమతిలేని ప్రైవేటు పనివానిని ఎక్కించుట మనలో నున్న దురలవాటు. వానికి ఎల్.సి. లేదు, తొడుగులు లేవు, ఎర్తురాడ్లు లేవు. వాడు పడినచో వాని సంసారమునకు దిక్కులేదు. అధికారము పొందనివాడు తీగపై చేయి వేయరాదని నిబంధన. 2019 అక్టోబరున గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు పల్లెలకు ఎనర్జీ అసిస్టెంట్లును నియమింపబడిరి. వారిని, లేదా 1912 సంఖ్యకు ఫోను చేసి విద్యుత్ సంస్థవారిని పిలువవలెను.

గడ్డిబండ్లు, కోతయంత్రములు తీగలక్రింద పోవునపుడు ఎత్తు చూచుకొనవలెను. వీధికి అడ్డముగా పోవు తక్కువ వోల్టుల తీగ 5.8 మీటర్లు, హెచ్చు వోల్టుల తీగ 6.1 మీటర్లు ఎత్తున నుండవలెనని మన దేశపు విద్యుత్ నిబంధన లేర్పఱచినవి. పొలములమీద కప్పులేని 11,000 వోల్టుల తీగ 4.6 మీటర్లవఱకు దిగియుండవచ్చును. అంతకంటె వ్రేలాడుచున్న తీగను కఱ్ఱతో ఎత్తి పోవలదు, కబురు పంపుడు. అడవిపందులకని కంచెకు కరెంటు పెట్టుట నేరము. అది మనుష్యుని, పశువును వేఱుచేసి చూడదు.

ప్రమాదము జరిగినపుడు

తెగిపడిన తీగచుట్టు నేలయంతయు విద్యుత్తుతో నిండియుండును. పెద్ద అడుగులు వేసినచో ఒక పాదమునకును రెండవ పాదమునకును నడుమ వోల్టులు హెచ్చి మనుష్యుడు కూలును. దూరముగా నుండుడు. ఇదివఱకే దగ్గఱనున్నచో పాదములు నేలనుండి ఎత్తక, ఒకదాని కొకటి ఆనించి జరుపుకొనుచు వెనుకకు రండు.

ఇంటి కరెంటు పట్టుకొన్న మనుష్యుని చేతితో లాగరాదు. ముందు స్విచ్చి తీయవలెను. అది వీలుకానిచో పొడికఱ్ఱతో తీగను త్రోయవలెను. 11,000 వోల్టుల తీగవద్ద కఱ్ఱయు పనికిరాదు. సబ్‌స్టేషనులో ఆపించువఱకు ఎవరును పోరాదు. మనుష్యుడు విడివడిన పిదప శ్వాస లేనిచో 108కి కబురంపి, వెంటనే ఱొమ్ము నడుమ రెండుచేతులు నుంచి, నిమిషమునకు నూఱునుండి నూటయిరువది పర్యాయములు, రెండంగుళములు లోనికి దిగునట్లు అదుముచుండవలెను. ఇది నేర్చినవారు ముప్పది అదుములకు రెండు మాఱులు నోటితో శ్వాస నీయవచ్చును. బండి వచ్చువఱకు ఆపరాదు. విద్యుద్ఘాతముచే ఆగిన గుండెలలో కొన్ని ఇట్లు తిరిగి నడచుటయు కలదు.

సంఘము చేయదగినది

సహకారము ఎరువులకును, విత్తులకును, అప్పులకును మాత్రమే కాదు. 1970లో సిరిసిల్లలో రైతులు, నేతవారు, గ్రామస్థులు సభ్యులుగా విద్యుత్ సరఫరా సహకార సంఘమే ఏర్పడెను. కుప్పము, అనకాపల్లి, చీపురుపల్లి ప్రాంతములలోను ఇట్టివి వెలసినవి. మన సంఘము అంత పని చేయ నక్కఱలేదు. ఈ నాలుగు చేసిన చాలును. ఒకటి: జనరేటరు గల సభ్యులందఱి పేర్లు వ్రాసి, ఛేంజోవరు స్విచ్చి లేనివారికి ఒక్కమొత్తముగా కొని వాయిదాలపై ఇచ్చుట. రెండు: ఆర్.సి.సి.బి.లను అట్లే తెప్పించుట. మూడు: తుపాను కాలమునకు ముందు ఎర్తులను పరీక్షించు యంత్రమును ఒకదానిని ఉమ్మడిగా నుంచుట. నాలుగు: ఏటికొకసారి లైన్‌మన్‌ను సర్వసభ్య సమావేశమునకు ఆహ్వానించి, తొడుగులు, ఎర్తురాడ్లు సరిగా నున్నవా యని అడుగుట, లేనిచో సంఘము పేర పై యధికారులకు వ్రాయుట. ఒక్క లైన్‌మన్ అడిగిన వినకపోవచ్చును. వందలాది రైతులు వ్రాసిన విందురు.

వచ్చు తుపాను రాత్రి గుంటమీద జనరేటరు పిడిపై చేయివేయునపుడు, ఆ తీగకు రెండవకొనను ఒక గృహస్థు వ్రేలాడుచున్నాడని ప్రతి సభ్యుడును జ్ఞప్తికి తెచ్చుకొనును గాక.